మూత్రంలో మంట: ఏ పరీక్ష, ఏ మందు, ఎవరికి?

మూత్రానికి వెళ్తే మంట. వచ్చి కూర్చున్న పది నిమిషాలకే మళ్లీ వెళ్లాలనిపిస్తుంది, తీరా వెళ్తే నాలుగు చుక్కలు. ఈ అవస్థ పడుతున్నవారు మొదట అడిగేది ‘దీనికి బాగా గట్టి మందు ఏది?’ అని. ఆ ప్రశ్నే పక్కదారి పట్టిస్తుంది. మూత్రనాళ ఇన్ఫెక్షన్ల విషయంలో గట్టి మందు, సరైన మందు ఒకటే కావాలని లేదు. మూత్రాశయం వరకే ఉన్న ఇన్ఫెక్షన్‌కు 1953 నుంచి వాడుకలో ఉన్న నైట్రోఫ్యూరాంటోయిన్ అనే యాంటీబయాటిక్ ఎన్నో కొత్త మందులకంటే మెరుగు. అదే మందు కిడ్నీదాకా పాకిన ఇన్ఫెక్షన్‌కు కొరగాదు. ఇన్ఫెక్షన్ ఎక్కడుంది, ఎవరికి వచ్చింది అన్న రెండు సంగతులు తేలితే మందు ఎంపిక సగం పూర్తయినట్టే.

కిందనే ఉందా, పైకి పాకిందా?

ఈ ఇన్ఫెక్షన్లలో అత్యధిక శాతానికి కారణం ఈ కొలై (E. coli) అనే బ్యాక్టీరియా. అది మన పేగుల్లోనే ఉంటుంది, అక్కడ ఉన్నంతసేపూ పేచీ లేదు. మలద్వారం దగ్గరి చర్మం మీదుగా మూత్రమార్గంలోకి చేరి, పైకి ఎక్కి, మూత్రాశయం లోపలి పొరను పట్టుకున్నప్పుడే గొడవ మొదలవుతుంది. స్త్రీలలో మూత్రమార్గం పొడవు సుమారు 4 సెంటీమీటర్లు, పురుషులలో దాదాపు 20. స్త్రీలకు ఈ బాధ ఎక్కువగా రావడానికి ప్రధాన కారణం ఈ తేడాయే తప్ప శుభ్రత లేకపోవడం కాదు. ఈ మాట గట్టిగా చెప్పాల్సి వస్తోంది, ఎందుకంటే ఇన్ఫెక్షన్ వచ్చిన ప్రతిసారీ సిగ్గుతో కుంచించుకుపోయి డాక్టరు దగ్గరకు వెళ్లడం వాయిదా వేసేవారు చాలామందే ఉన్నారు.

ఇన్ఫెక్షన్ మూత్రాశయంలోనే ఉంటే మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, ఆపుకోలేకపోవడం, పొత్తికడుపులో నొప్పి ఉంటాయి. మూత్రం మబ్బుగా మారవచ్చు, కొందరిలో రక్తం కూడా కనిపిస్తుంది. జ్వరం మాత్రం సాధారణంగా ఉండదు. కిడ్నీకి పాకితే కథ మారిపోతుంది: 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, వణుకుతో కూడిన చలి, పక్కటెముకల కింద వీపు వైపు ఒక పక్కన నొప్పి, వాంతులు. ఇవి ఉంటే ఇంట్లో కూర్చుని ఎంచుకోవడానికి ఏమీ లేదు, అదే రోజు వైద్యం అందాలి. వాంతులతో మాత్ర నిలవకపోయినా, మనిషి మగతగా ఉన్నా, మూత్రం రావడమే తగ్గిపోయినా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. కిడ్నీ ఇన్ఫెక్షన్ రక్తంలోకి చేరితే గంటలు కూడా లెక్కలోకి వస్తాయి.

అసలు ఇది మూత్ర ఇన్ఫెక్షనేనా అన్నది మరో సందేహం. మంటతోపాటు జననాంగం దగ్గర దురద, తెల్లబట్ట ఎక్కువగా ఉంటే అది ఫంగస్ వల్లో, లైంగికంగా సంక్రమించే వ్యాధి వల్లో కావచ్చు. దానికి మూత్రనాళ ఇన్ఫెక్షన్ మందు వాడితే ఫంగస్ తగ్గకపోగా పెరుగుతుంది. అలాకాక మంట, మాటిమాటికీ వెళ్లడం రెండూ ఉండి, తెల్లబట్ట, దురద లేకపోతే అది మూత్ర ఇన్ఫెక్షనే అయ్యే అవకాశం 90 శాతం పైమాటే. ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు, గర్భం లేని ఆరోగ్యవంతురాలైన స్త్రీకి చాలామంది డాక్టర్లు కల్చర్ (మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి చూసే పరీక్ష) కోసం ఆగకుండానే మందు రాస్తారు. అది నిర్లక్ష్యం కాదు.

మందు లేకుండా ఆగి చూడవచ్చా?

కొందరికి ఆగవచ్చు. మూత్రాశయ ఇన్ఫెక్షన్ తనంతట తానే తగ్గిపోవడం అరుదేమీ కాదు. 2015లో జర్మనీ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో కొందరు స్త్రీలకు ఐబుప్రొఫెన్ అనే నొప్పి మాత్ర, మరికొందరికి ఫాస్ఫోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చి పోల్చారు. ఐబుప్రొఫెన్ తీసుకున్నవారిలో మూడింట రెండు వంతుల మందికి యాంటీబయాటిక్ అవసరమే రాలేదు. అయితే వారి బాధ ఎక్కువ రోజులు సాగింది. కిడ్నీ ఇన్ఫెక్షన్ ఐబుప్రొఫెన్ వర్గంలో ఐదుగురికి వస్తే రెండో వర్గంలో ఒకరికే వచ్చింది. సంఖ్య చిన్నది కాబట్టి ఈ తేడా కాకతాళీయమూ కావచ్చు, కాకపోనూవచ్చు.

నా ఉద్దేశంలో ఈ దారి లక్షణాలు తేలికగా ఉన్న, గర్భం లేని, షుగరు, కిడ్నీ జబ్బు లేని యువతులకే సరిపోతుంది. అది కూడా డాక్టరుతో మాట్లాడి, చీటీ చేతిలో పెట్టుకుని, రెండు రోజుల్లో తగ్గకపోయినా, ఈలోగా ముదిరినా మందు మొదలుపెట్టే ఏర్పాటుతోనే. కడుపులో పుండ్లు, కిడ్నీ సమస్య ఉన్నవారు ఐబుప్రొఫెన్ జోలికి పోకూడదు. పురుషులు, గర్భిణులు, పిల్లల విషయంలో ఆగి చూడడం అన్న మాటే లేదు.

స్ట్రిప్పు, మామూలు మూత్ర పరీక్ష, కల్చర్

మూత్రంలో ముంచి రంగు మార్పు చూసే స్ట్రిప్పు పరీక్ష నిమిషాల్లో ఫలితం చెబుతుంది. అది ప్రధానంగా రెండు వెతుకుతుంది. ఒకటి తెల్ల రక్తకణాల ఆనవాలు, రెండోది నైట్రైట్. ఈ కొలై లాంటి బ్యాక్టీరియా మూత్రంలోని నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తుంది కాబట్టి నైట్రైట్ కనిపిస్తే ఇన్ఫెక్షన్ దాదాపు ఖాయం. కనిపించకపోతే మాత్రం లేదని అనుకోకూడదు. ఈ మార్పు జరగాలంటే మూత్రం మూత్రాశయంలో దాదాపు నాలుగు గంటలు నిల్వ ఉండాలి. పది నిమిషాలకోసారి పరుగెత్తే మనిషిలో అంత నిల్వ ఎక్కడిది? పైగా ఎంటెరోకాకస్ లాంటి కొన్ని బ్యాక్టీరియాలు నైట్రైట్‌ను అసలే తయారుచేయవు. అందుకే ఉదయం లేవగానే పట్టిన మొదటి మూత్రం ఈ పరీక్షకు మేలు.

కల్చర్‌కు ఒకటి రెండు రోజులు పడుతుంది, ఏ మందు పనిచేస్తుందో తేలడానికి మరో రోజు. ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తున్నవారు, మందు వాడినా తగ్గనివారు, జ్వరం ఉన్నవారు, గర్భిణులు, పురుషులు, పిల్లలు కల్చర్ లేకుండా ముందుకు వెళ్లకూడదు. ఒక షరతు ఉంది: నమూనా ఇచ్చాకే యాంటీబయాటిక్ మొదటి మాత్ర వేసుకోవాలి. ఒక్క మాత్ర పడినా సీసాలో బ్యాక్టీరియా పెరగకపోవచ్చు. అప్పుడు ‘గ్రోత్ లేదు’ అని వచ్చిన రిపోర్టుకు అర్థం ఉండదు. నమూనా పట్టేటప్పుడు మొదటి ధార వదిలేసి మధ్య ధారను పట్టాలి. రెండు గంటల్లోగా ల్యాబుకు చేర్చలేకపోతే ఫ్రిజ్‌లో ఉంచాలి, లేదంటే దారిలోనే బ్యాక్టీరియా పెరిగి లేని ఇన్ఫెక్షన్‌ను ఉన్నట్టు చూపిస్తుంది.

మామూలు మూత్ర పరీక్ష రిపోర్టు చేతికొచ్చాక చాలామంది చూపు ‘పస్ సెల్స్’ దగ్గరే ఆగిపోతుంది. పస్ సెల్స్ 15-20 ఉన్నాయంటే చీము కణాలున్నాయని మాత్రమే అర్థం. రాళ్లున్నా, జననాంగ ఇన్ఫెక్షన్ ఉన్నా అవి కనిపిస్తాయి. దాని పక్కనే ఉండే ‘ఎపిథీలియల్ సెల్స్’ వరస కూడా చూడండి. అవి ఎక్కువగా ఉంటే నమూనాలో చర్మం మీది కణాలు కలిశాయన్నమాట, ఆ నమూనాను అంతగా నమ్మలేం. కల్చర్‌లో మిల్లీలీటరుకు లక్ష కాలనీలు (పెరిగిన బ్యాక్టీరియా గుంపులు) అన్నది 1950ల నుంచి వస్తున్న గీటురాయి. లక్షణాలు స్పష్టంగా ఉన్న స్త్రీలో అంతకంటే చాలా తక్కువ సంఖ్య ఉన్నా డాక్టర్లు దాన్ని ఇన్ఫెక్షన్‌గానే లెక్కించవచ్చు. రకరకాల బ్యాక్టీరియా కలిసి పెరిగాయని ఉంటే నమూనా చెడిందని భావించి మళ్లీ ఇవ్వడమే మంచిది. ప్రోటియస్ అన్న పేరు పదే పదే వస్తుంటే కిడ్నీలో రాళ్లున్నాయేమో స్కాన్ చేయించాలి. ఆ బ్యాక్టీరియాకు, ఒక రకం రాళ్లకు విడదీయరాని స్నేహం.

తర్వాత మందుల జాబితా. ఎదురుగా ఎస్ అని ఉంటే ఆ మందుకు బ్యాక్టీరియా లొంగుతుంది, ఆర్ అని ఉంటే లొంగదు. కొన్ని రిపోర్టుల్లో ఆ అక్షరం పక్కన ఒక అంకె కూడా ఉంటుంది. అన్నిటికంటే చిన్న అంకె ఉన్న మందే గొప్పదని అనుకోవడం పొరపాటు. ఒక్కో మందుకు కొలబద్ద వేరు కాబట్టి ఒక మందు అంకెను మరో మందు అంకెతో పోల్చకూడదు. ఇంకో ఉచ్చు కూడా ఉంది. చలిజ్వరంతో ఉన్న రోగి రిపోర్టులోనూ నైట్రోఫ్యూరాంటోయిన్ ఎదురుగా ఎస్ అని ఉండవచ్చు. ల్యాబు చూసేది బ్యాక్టీరియాను, రోగిని కాదు. ఆ మందు మూత్రంలో బాగా చేరుతుంది గాని కిడ్నీ కణజాలంలో చాలినంత ఉండదు.

మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కు ఏ యాంటీబయాటిక్?

ఇక్కడ పోటీ ముఖ్యంగా మూడింటి మధ్య. మరే అడ్డంకీ లేకపోతే నా ఓటు నైట్రోఫ్యూరాంటోయిన్‌కే. నెమ్మదిగా విడుదలయ్యే 100 మిల్లీగ్రాముల రకమైతే రోజుకు రెండుసార్లు చొప్పున 5 రోజులు. భోజనంతోపాటు వేసుకుంటే వికారం తగ్గుతుంది, మందు కూడా బాగా ఒంటబడుతుంది. ఇన్ని దశాబ్దాలు వాడినా ఈ కొలై దీనికి పెద్దగా అలవాటు పడలేదు. మూత్రం ముదురు పసుపు, గోధుమ రంగులోకి మారితే కంగారు పడనక్కర్లేదు. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవారికి, జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైము లోపం) ఉన్నవారికి, నెలలు నిండిన గర్భిణులకు ఇది ఇవ్వరు.

ఫాస్ఫోమైసిన్ సుఖం వేరు. 3 గ్రాముల పొడిని నీళ్లలో కలిపి ఒక్కసారి తాగితే అయిపోతుంది. మాత్రలు మరిచిపోయేవారికి, ఇతర మందులు చాలా వాడేవారికి ఇది అనువు. కానీ 2018లో వెలువడిన ఒక పోలికలో నాలుగు వారాల తర్వాత చూస్తే నైట్రోఫ్యూరాంటోయిన్ 5 రోజులు వాడినవారిలో 70 శాతం మందికి, ఒక్క మోతాదు ఫాస్ఫోమైసిన్ తీసుకున్నవారిలో 58 శాతం మందికి పూర్తిగా నయమైంది. సుఖానికి కొంత మూల్యం ఉందన్నమాట. పొడి తాగిన రోజే మంట మాయం కాదు. మందు మూత్రంలో రెండు మూడు రోజులు పనిచేస్తూనే ఉంటుంది, కాబట్టి మర్నాడే మరో పొట్లం విప్పకండి.

కో-ట్రైమాక్సజోల్ 3 రోజులు చాలు. బ్యాక్టీరియా లొంగుతుందని కల్చర్ చెబితే అద్భుతంగా పనిచేస్తుంది. చెప్పకపోతే మాత్రం జూదమే. ఒక ప్రాంతంలో ఈ కొలైలో 20 శాతానికి మించి దీనికి లొంగకపోతే కల్చర్ లేకుండా మొదలుపెట్టవద్దన్నది వైద్య మార్గదర్శకాల మాట. సల్ఫా మందులు పడనివారు దీన్ని తాకకూడదు. కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవారిలో ఇది రక్తంలో పొటాషియాన్ని పెంచుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫారిన్ వాడేవారిలో రక్తం మరీ పలచబడే ప్రమాదం ఉంది. వాడుతున్న మందులన్నీ డాక్టరుకు చెప్పాలనేది అందుకే.

ఇక అడిగి మరీ రాయించుకునే సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్. ‘పోయినసారి దీంతోనే తగ్గింది’ అంటూ పాత చీటీతో కొనుక్కునే మందులివి. ఇవి శక్తిమంతమైనవే, అందులో సందేహం లేదు. కానీ స్నాయువులు తెగడం, నరాలు దెబ్బతినడం, షుగరు ఒక్కసారిగా పడిపోవడం లాంటి ప్రమాదాలున్నాయి. వేరే మందు దొరికినంతవరకు మామూలు మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కు ఈ కుటుంబం మందులు వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లోనే హెచ్చరించింది. కిడ్నీ, ప్రోస్టేట్ కణజాలంలోకి బాగా చొచ్చుకుపోవడం వీటి అసలు బలం. చిన్న మంటకు వాడి పాడుచేసుకుంటే రేపు కిడ్నీకి అవసరమైనప్పుడు ఇవి పనిచేయవు.

అమాక్సిసిలిన్‌ను కల్చర్ లేకుండా మొదలుపెట్టడం దండగ, ఈ కొలైలో చాలా భాగం దానికి ఎప్పుడో మొండికేసింది. సెఫలెక్సిన్ లాంటి సెఫలోస్పోరిన్ కుటుంబం యాంటీబయాటిక్‌లు రెండో వరసలో ఉంటాయి.

కిడ్నీ ఇన్ఫెక్షన్ సంగతి వేరు. మొదట ఇంజెక్షను, తర్వాత కల్చర్ చూసి మాత్రలు, మొత్తం 7 నుంచి 14 రోజులు. మందు మొదలైన రెండు మూడు రోజులకూ జ్వరం దిగకపోతే లోపల అడ్డు ఉందేమో, చీముగడ్డ కట్టిందేమో స్కాన్‌లో చూడాలి.

మంట తగ్గించే సిరప్పులు, మాత్రలు

మూత్రంలోని ఆమ్లాన్ని తగ్గించే సిట్రేట్ సిరప్పులకు గిరాకీ ఎక్కువ, ఆధారాలు తక్కువ. కొందరికి హాయిగా అనిపిస్తుంది, కాదనను. అయితే అవి ఇన్ఫెక్షన్‌ను తగ్గించవు. చీటీల మీద తరచుగా కనిపించే ఒక పొసగని జత గురించి మాత్రం తప్పక చెప్పాలి: నైట్రోఫ్యూరాంటోయిన్, దానితోపాటు ఈ సిరప్పు. నైట్రోఫ్యూరాంటోయిన్ ఆమ్లగుణం ఉన్న మూత్రంలోనే బాగా పనిచేస్తుంది. సిరప్పు ఆ గుణాన్నే తీసేస్తుంది. మీ చీటీలో రెండూ ఉంటే సిరప్పు తప్పనిసరా అని డాక్టరును అడగండి. కిడ్నీ జబ్బు ఉన్నవారికి పొటాషియం సిట్రేట్, గుండె జబ్బు ఉన్నవారికి సోడియం సిట్రేట్ సొంతంగా వాడదగినవి కావు.

ఫెనజోపిరిడిన్ మంటను నిజంగానే తగ్గిస్తుంది. మూత్రాన్ని నారింజ రంగులోకి మారుస్తుంది, బట్టల మీద మరక పడితే ఓ పట్టాన వదలదు. రెండు రోజులకు మించి వద్దు. బాధ తెలియకుండా చేసే మందును యాంటీబయాటిక్ బదులుగా వాడితే లోపల ఇన్ఫెక్షన్ పాకుతున్నా తెలియదు. స్ట్రిప్పు పరీక్ష రంగులను కూడా ఇది తారుమారు చేస్తుంది, కాబట్టి నమూనా ముందే ఇవ్వండి. కడుపు, కిడ్నీ బాగున్నవారికైతే ఒకటి రెండు రోజులు మామూలు నొప్పి మాత్ర చాలు. పారాసెటమాల్ ఇంకా నిరపాయం.

మనిషిని బట్టి మారే లెక్క

గర్భిణి విషయంలో లెక్క పూర్తిగా తలకిందులవుతుంది. లక్షణాలు లేకపోయినా కల్చర్‌లో బ్యాక్టీరియా వస్తే చికిత్స చేస్తారు, ఎందుకంటే వదిలేస్తే అది కిడ్నీకి పాకే అవకాశం మామూలు వారికంటే చాలా ఎక్కువ. సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబాన్ని దూరం పెడతారు. కో-ట్రైమాక్సజోల్‌ను తొలి మూడు నెలల్లోనూ, నెలలు నిండాక కూడా ఇవ్వరు. సెఫలెక్సిన్, ఫాస్ఫోమైసిన్ లాంటివి పనికొస్తాయి. చికిత్స ముగిశాక మళ్లీ కల్చర్ చేయించాల్సింది ముఖ్యంగా వీరికే. లక్షణాలు తగ్గిన మిగతావారికి ఆ ఖర్చు అనవసరం.

వృద్ధుల విషయంలో పొరపాటు రెండో వైపు జరుగుతుంది. వయసు పైబడిన చాలామంది మూత్రంలో ఏ బాధా లేకుండానే బ్యాక్టీరియా ఉంటుంది. కెథటర్ (మూత్రం పోయేందుకు పెట్టే గొట్టం) ఎక్కువ రోజులు ఉన్నవారిలోనైతే అది లేకపోతేనే వింత. మూత్రం వాసన వచ్చిందనో, కాస్త అయోమయంగా ఉన్నారనో పరీక్ష చేయించి, రిపోర్టులో బ్యాక్టీరియా కనబడగానే మందు మొదలుపెడతారు. అయోమయానికి అసలు కారణం ఒంట్లో నీరు తగ్గడమో, కొత్తగా వేసుకుంటున్న నిద్రమాత్రో కావచ్చు, అది అలాగే ఉండిపోతుంది. జ్వరం, మంట, కొత్తగా మొదలైన పొత్తికడుపు నొప్పి లాంటివి లేకుండా రిపోర్టుకు మందు వేయకూడదు.

పురుషులకు సాధారణంగా 7 రోజుల కోర్సు. జ్వరం ఉన్నా, ప్రోస్టేట్ గ్రంథికి సోకినా ఇంకా ఎక్కువ రోజులు పట్టవచ్చు. పసిపిల్లల్లో మంట అని చెప్పే నోరు ఉండదు. కారణం తెలియని జ్వరమే ఒక్కోసారి ఏకైక సూచన. వారికి సంచీ అతికించి పట్టిన మూత్రంతో కల్చర్ చేస్తే తప్పుడు ఫలితాలు ఎక్కువ, సన్నని గొట్టంతో తీసిన నమూనా నమ్మదగ్గది. కాస్త పెద్ద పిల్లల్లో మలబద్ధకాన్ని సరిచేయకుండా ఎన్ని యాంటీబయాటిక్‌లు వాడినా ఇన్ఫెక్షన్ తిరగబెడుతూనే ఉంటుంది.

మళ్లీ మళ్లీ వస్తుంటే

ఆరు నెలల్లో రెండుసార్లు, లేదా ఏడాదిలో మూడుసార్లు వస్తే దాన్ని పదేపదే వచ్చే ఇన్ఫెక్షన్‌గా లెక్కిస్తారు. ఇక్కడ ప్రచారంలో ఉన్నవాటికీ, పనిచేసేవాటికీ మధ్య దూరం చాలా ఉంది.

నీళ్లతోనే మొదలుపెట్టాలి. తక్కువ నీళ్లు తాగే అలవాటున్న 140 మంది స్త్రీలతో చేసిన పరిశోధన 2018లో వెలువడింది. రోజూ మరో ఒకటిన్నర లీటరు నీళ్లు అదనంగా తాగినవారికి ఏడాదిలో సగటున 1.7 సార్లు ఇన్ఫెక్షన్ వస్తే, అలవాటు మార్చుకోనివారికి 3.2 సార్లు వచ్చింది. అయితే ఇప్పటికే బాగా తాగేవారు ఇంకా తాగితే ఇదే లాభం వస్తుందని దీని నుంచి చెప్పలేం. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్ల మీద పరిమితి ఉన్నవారికి ఈ సలహా వర్తించదు.

నెలసరి ఆగిపోయిన స్త్రీలకు నేను నీళ్లకంటే ముందు చెప్పేది యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము గురించి. 1993లో వెలువడిన పరిశోధనలో ఈ క్రీము వాడినవారికి ఏడాదికి సగటున 0.5, వాడనివారికి 5.9 ఇన్ఫెక్షన్లు వచ్చాయి. ఇంత తేడా చూపించే ఉపాయం ఈ విభాగంలో మరొకటి లేదు. అయినా దీని పేరు విననివారే ఎక్కువ, అడగడానికి మొహమాటపడేవారు ఇంకా ఎక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు మాత్రం తమ క్యాన్సర్ డాక్టరును అడిగాకే వాడాలి.

క్రాన్‌బెర్రీ ఉత్పత్తులు పదేపదే ఇన్ఫెక్షన్ వచ్చే స్త్రీలలో ఆ ముప్పును సుమారు నాలుగో వంతు తగ్గిస్తాయని పరిశోధనలన్నిటినీ కలిపి చూసే కాక్రేన్ సంస్థ 2023 నాటి సమీక్ష తేల్చింది. ఇది నివారణకే, వచ్చిన ఇన్ఫెక్షన్‌ను తగ్గించడానికి కాదు. చక్కెర కలిపిన రసంకంటే మాత్రలు నయం, వార్ఫారిన్ వాడేవారు డాక్టరును అడగాలి. నివారణకంటూ అమ్మే డీ-మానోజ్ అనే ఒక రకం చక్కెర పొడికి మాత్రం డబ్బు పెట్టమని నేను చెప్పను. దాదాపు 600 మంది స్త్రీల మీద జరిగి 2024లో వెలువడిన పరిశోధనలో ఆ పొడి వాడినవారిలో 51 శాతం మందికి, ఉత్తుత్తి పొడి వాడినవారిలో 55.7 శాతం మందికి మళ్లీ ఇన్ఫెక్షన్ వచ్చింది. లెక్కకు నిలిచే తేడా కాదది.

వీర్యకణాలను చంపే జెల్లీలు, అవి పూసిన కండోములు వాడుతుంటే మానేసి వేరే గర్భనిరోధక పద్ధతికి మారితే కొందరికి అదే చాలు. కలయిక తర్వాత మూత్రానికి వెళ్లడం, ముందునుంచి వెనక్కి శుభ్రం చేసుకోవడం మంచి అలవాట్లే. వాటికి గట్టి రుజువులు లేకపోయినా పోయేదేమీ లేదు.

ఇవేవీ ఆపలేనప్పుడు మిగిలేవి రెండు: రోజూ చిన్న మోతాదు యాంటీబయాటిక్, లేదా మెథెనమైన్ హిప్యురేట్. రెండోది యాంటీబయాటిక్ కాదు. ఆమ్లగుణం ఉన్న మూత్రంలో విడిపోయి ఫార్మాల్డిహైడ్‌గా మారి బ్యాక్టీరియాను అణుస్తుంది. అందుకే దీనికి కూడా సిట్రేట్ సిరప్పుతో పొసగదు. ఈ రెంటినీ 240 మంది స్త్రీలలో పోల్చిన బ్రిటన్ పరిశోధన 2022లో వచ్చింది. ఏడాదికి సగటు ఇన్ఫెక్షన్లు యాంటీబయాటిక్ వాడినవారిలో 0.89, మెథెనమైన్ వాడినవారిలో 1.38. యాంటీబయాటిక్‌దే కాస్త పైచేయి అయినా, బ్యాక్టీరియాను మందులకు మొండిగా మార్చే బెడద గుర్తుంటే నేను ముందు మెథెనమైన్ గురించే డాక్టరును అడగమంటాను. కలయిక తర్వాతే ఇన్ఫెక్షన్ వచ్చేవారికి రోజూ మాత్ర అక్కర్లేదు, ఆ తర్వాత వేసుకునే ఒక్క మోతాదుతో సరిపెట్టవచ్చు. రోజువారీ మాత్రకు ఒప్పుకున్నవారు ఎప్పుడు ఆపాలో మొదటిరోజే డాక్టరుతో తేల్చుకోవాలి. నైట్రోఫ్యూరాంటోయిన్‌ను నెలల తరబడి వాడితే ఊపిరితిత్తులు, కాలేయం దెబ్బతినే అవకాశం ఉంది, కాబట్టి కొత్తగా దగ్గో, ఆయాసమో మొదలైతే ఆ మాత్ర ఆపి వెంటనే డాక్టరును కలవాలి.